మీడియం గొడవలో మరుగున పడ్డ మాటలు: అనంతపురం బడుల్లో ఇంగ్లీషు పదసంపదపై ఒక సమీక్ష

ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లీషు మీడియం వాదన అసెంబ్లీ దాటి హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు ఎక్కింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా జీవోలు మారాయి, పుస్తకాలు మారాయి, పరీక్షలు మారాయి. ఈ సందడిలో అసలు ప్రశ్న ఒకటి పక్కకు జరిగిపోయింది. మీడియం ఏదైనా, పదో తరగతి దాటేసరికి పిల్లలకు ఎన్ని ఇంగ్లీషు మాటలు వచ్చి ఉండాలి? ఎలాంటి మాటలు రావాలి? బడి వాటిని ఏ దారిన ఇవ్వగలదు?

దీనికి తలా ఒక మందు చెబుతారు. నిఘంటువులు పంచమని ఒకరంటే, రోజుకో మాట నేర్పమని ఇంకొకరు. కథల పుస్తకాలు చేతికిస్తే చాలని మరొకరు. ముందు ఇంటిభాష గట్టిపడనివ్వండి, ఇంగ్లీషు దాని వెనకే వస్తుందనేవాళ్లూ ఉన్నారు. ఈ మాటలేవీ గాలికి పుట్టినవి కావు. ప్రతిదాని వెనకా ఎక్కడో ఒక పరిశోధన ఉంది, ఆ పరిశోధనకు ఒక హద్దూ ఉంది. ఏ వాదం ఎక్కడ పుట్టింది, ఎంతవరకు రుజువైంది, అనంతపురం లాంటి కరువు సీమలో ఏ మేరకు నిలబడుతుంది అన్నవి ఒకచోట పెట్టి చూడడమే ఈ వ్యాసం పని. ఇక్కడ అనంతపురం అంటే 2022 ఏప్రిల్‌లో విడిపోయిన శ్రీ సత్యసాయి జిల్లా కూడా కలిసిన పాత జిల్లా.

533 బడుల్లో ఒకటి

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్తమండలాలకు థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. 1807 దాకా ఆ పదవిలో ఉన్న ఆయనకు అనంతపురమే మకాం. తర్వాత మద్రాసు గవర్నరై, 1822లో అన్ని జిల్లాల నుంచీ దేశీయ బడుల లెక్కలు తెప్పించాడు. అనంతపురం అప్పట్లో బళ్లారి జిల్లాలో భాగం. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది పిల్లలు కనబడతారు. కన్నడ బడులు 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారశీకం 21, తమిళం 4. ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి.

ఈ అంకెల కంటే క్యాంబెల్ చేసిన ఒక ఫిర్యాదు మన చర్చకు దగ్గరది. ఆయన స్వయంగా తెలుగు వ్యాకరణం, నిఘంటువు రాసినవాడు. బడిపిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతారు గానీ అందులోని మాటలకు అర్థం ఎరగరని, బడి పుస్తకాల భాషకూ నోటి భాషకూ పొంతన లేదని రాశాడు. అర్థం తెలియని మాటలను బట్టీ పట్టడం ఈ సీమకు ఇంగ్లీషు తెచ్చిపెట్టిన జబ్బేమీ కాదన్నమాట. పద్యం పోయి ఇంగ్లీషు వ్యాసం వచ్చింది, వల్లె వేసే పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది.

1835లో మెకాలే మినిట్, 1854లో వుడ్ తాఖీదు వచ్చాక ఏర్పడిన అమరికలో ఇంగ్లీషు పైచదువులకు, కొలువులకు. కింది తరగతులకు దేశభాషలు. అనంతపురం 1882లో బళ్లారి నుంచి విడిపడి సొంత జిల్లా అయింది. 1916లో దత్తమండలాల కళాశాల, అంటే నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల, అనంతపురంలో మొదలైంది. దాని మెట్లెక్కినవాళ్లు కొద్దిమందే. వాళ్లకు ఇంగ్లీషు మాటలు ఎలా వచ్చాయన్నది ఎవరికీ సమస్యగా తోచలేదు, రానివాళ్లు మధ్యలోనే రాలిపోయేవారు గనుక. పదసంపద అందరి సమస్య అయింది అందరూ బడికి రావడం మొదలయ్యాకే.

స్వాతంత్ర్యం తర్వాత ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా నిలిచింది. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ పుట్టింది, అదే నేటి ఇఫ్లూ. పాఠానికి ఇన్ని కొత్త మాటలు, ఇన్ని వాక్య నమూనాలు అని కొలిచి పెట్టే పద్ధతి చాలాకాలం నడిచింది. 2011 రాష్ట్ర పాఠ్యప్రణాళిక చట్రం దాన్ని పక్కన పెట్టి, ఇతివృత్తాల చుట్టూ ఎ, బి, సి రీడింగులతో పుస్తకాలు తెచ్చింది. మాట వాక్యంలో, కథలో ఎదురుపడాలన్నది దాని ఉద్దేశం.

ఆ తర్వాత అంతా వేగమే. సక్సెస్ స్కూళ్ల పేరిట 2008లోనే ప్రభుత్వ హైస్కూళ్లలో ఇంగ్లీషు సెక్షన్లు అప్పటికే మొదలై ఉన్నాయి. 2019 నవంబరులో ప్రాథమిక స్థాయి నుంచే ఇంగ్లీషు మీడియం అంటూ జీవో 81, దాని వెంటే 85 వచ్చాయి. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టేసింది. సుప్రీంకోర్టు స్టే ఇవ్వలేదు. అదే ఏడాది జాతీయ విద్యావిధానం, వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటిభాషలో చదువు ఉండాలంది. రాష్ట్రం మధ్యేమార్గంగా ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుతో ద్విభాషా పుస్తకాలు ఇచ్చింది. 2021-22లో ప్రభుత్వం పిల్లలకు పంచిన విద్యాకానుక సంచుల్లో పెద్ద తరగతులకు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు, చిన్న తరగతులకు బొమ్మల నిఘంటువు చేరాయి. రోజుకో ఇంగ్లీషు మాట కార్యక్రమం కూడా అప్పుడే బడులకొచ్చింది. 2023లో అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం కుదిరి టోఫెల్ అనే ఇంగ్లీషు సామర్థ్య పరీక్ష మూడో తరగతి దాకా దిగింది. 2024లో ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది.

ఈ వరసలో మీడియం గురించిన నిర్ణయాలు, మాటల గురించిన నిర్ణయాలు కలగాపులగం అయ్యాయి. చిక్కుముడి పడింది ఇక్కడే. మొదట మాటల లెక్క విడిగా చూడాలి.

ఎన్ని మాటలు కావాలి?

ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1920ల్లోనే బెంగాల్ పిల్లల ఇబ్బంది గమనించి, ముందు ఎక్కువగా వాడే మాటలు నేర్పాలని వాదించాడు. ఆ దారిలోనే 1953లో సుమారు 2,000 మాటల జాబితా వెలువరించాడు. ఈ 2,000 మాటలు వాటి రూపాలతో సహా వస్తే మామూలు ఇంగ్లీషు రాతలో దాదాపు 80 శాతం తెలిసినట్టే. వినడానికి ఇది చాలా ఎక్కువ. కానీ పేజీకి 250 మాటలనుకుంటే అందులో 50 తెలియవు. ఐదింట ఒకటి తెలియని పేజీ ఎవరికీ సరిగా అర్థం కాదని పరిశోధకులు హూ, పాల్ నేషన్ 2000లో చేసిన ప్రయోగం తేల్చింది. ఇతరుల సాయం లేకుండా హాయిగా చదువుకోవాలంటే 98 శాతం మాటలు తెలిసి ఉండాలి, అంటే ఆ పేజీలో తెలియనివి ఐదుకు మించకూడదన్నది వాళ్ల అంచనా. పెద్దల కోసం రాసిన పుస్తకాలు, పత్రికలు ఆ స్థాయిలో చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు కావాలని 2006లో నేషన్ లెక్క వేశాడు. డిపెండ్, డిపెండెంట్, ఇండిపెండెన్స్ లాంటివన్నీ కలిపి ఒక కుటుంబం.

ఇప్పుడు రోజుకో మాట పథకాన్ని ఈ లెక్క పక్కన పెట్టి చూద్దాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, ఆపైన 220. తొమ్మిది, పది తరగతులకూ 220 వేసుకుంటే పదేళ్లలో 2,100 రోజులు, 2,100 మాటలు. ఒక్క రోజూ బడి ఎగ్గొట్టక, ఒక్క మాటా మరవక పోతే పిల్లలు వెస్ట్ జాబితా దాకా వస్తారు. పథకం పనికిరానిదని దీని అర్థం కాదు. ఎంచుకున్న 2,100 మాటలు సరైనవైతే అది గట్టి పునాదే. కానీ ఇల్లు కట్టడం అయిపోయిందనుకుంటే పొరపాటు.

నాలుగు వాదాలు

జాబితా, కంఠస్థం

అన్నిటికంటే పాతది, మన బడుల్లో ఇప్పటికీ బలంగా ఉన్నది ఇదే. మాట, దాని పక్కన తెలుగు అర్థం, మర్నాడు డిక్టేషన్. దీన్ని చులకన చేయడం ఒక ఫ్యాషన్ అయింది గానీ పరిశోధనలు దీన్ని కొట్టిపారేయలేదు. కొత్త మాటకూ అర్థానికీ మొదటి ముడి వేయడానికి మాతృభాష అర్థంతో నేర్పడమే త్వరగా పనిచేసే పద్ధతని నేషన్, లాఫర్ లాంటి పరిశోధకులు ఒప్పుకున్నారు. లోపం రెండుచోట్ల ఉంది. ఒకటి, తిరగేయకపోవడం. నేర్చినదాన్ని మనసు ఎంత తొందరగా జారవిడుస్తుందో మనస్తత్వవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే కొలిచి చూపాడు. అదే మాటను మర్నాడు, వారానికి, నెలకు మళ్లీ అడిగితే నిలుస్తుంది. సోమవారం డిక్టేషన్‌తో వదిలేస్తే శనివారానికి ఉండదు. రెండు, మాటలను గుంపులుగా కట్టడం. పండ్ల పేర్లన్నీ ఒక రోజు, రంగులన్నీ ఒక రోజు, వ్యతిరేకార్థకాలన్నీ ఒక రోజు నేర్పడం పుస్తకాలకు అలవాటు. దగ్గరి మాటలను కొత్తగా ఒకేసారి నేర్పితే ఒకదానితో ఒకటి కలిసిపోయి మరింత ఆలస్యంగా వస్తాయని 1993లో టింక్‌హామ్, తర్వాత వేరింగ్ చేసిన ప్రయోగాలు చూపాయి.

పుస్తకాల వరద

మాటలు నేర్పితే రావు, చదువుతుంటే వస్తాయన్నది రెండో వాదం. స్టీఫెన్ క్రాషెన్ దీనికి గట్టి గొంతు. మనకు దగ్గరి ఉదాహరణ ఫిజీ దీవులది. అక్కడి పల్లె బడుల్లో ఇంట్లో ఇంగ్లీషు లేని నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఎలీ, మంగుభాయ్ 1980ల మొదట్లో తరగతికి 250 బొమ్మల కథల పుస్తకాలు ఇచ్చి చూశారు. ఆ పిల్లలు చదవడంలో, విని అర్థం చేసుకోవడంలో మామూలు పాఠాలు విన్నవాళ్ల కంటే దాదాపు రెట్టింపు వేగంతో ముందుకెళ్లారు. ఆంధ్రప్రదేశ్ 2020 చివర్లో మొదలుపెట్టిన ‘చదవడం మాకిష్టం’ ఉద్యమం వెనక ఉన్నది ఈ నమ్మకమే.

దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే. చదువుతూ ఒక మాటను పిల్లలు తమంతట తామే పట్టుకోవాలంటే అది పదిసార్లకు అటూఇటూగా ఎదురుపడాలి, చుట్టూ ఉన్న మాటలు తెలిసి ఉండాలి. ఎక్కువ మాటలు తెలిసినవాడు ఎక్కువ చదువుతాడు, ఎక్కువ చదివి ఇంకా ఎక్కువ నేరుస్తాడు. తక్కువ తెలిసినవాడు పుస్తకం మూసేస్తాడు. కలిగినవాడికే మరింత కలిసొచ్చే ఈ తీరును కీత్ స్టానోవిచ్ 1986లో వర్ణించాడు. వరద వదిలితే సరిపోదు, పిల్లల స్థాయికి దిగిన పుస్తకాలు ఉండాలి.

పనిలో భాష

మూడో వాదానికి దక్షిణ భారతమే పుట్టిల్లు. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు బృందం బెంగళూరు ప్రాజెక్టు పేరుతో మామూలు బడుల్లో వ్యాకరణం, పదాల జాబితా రెండూ పక్కన పెట్టి పిల్లలకు పనులిచ్చి చూసింది. రైళ్ల టైంటేబులు చూసి ప్రశ్నలకు జవాబు చెప్పడం, పటంలో దారి కనుక్కోవడం లాంటివి. మనసు పని మీద ఉంటే భాష పక్కనుంచి లోపలికి దిగుతుందన్నది సిద్ధాంతం. గుంతకల్లు జంక్షన్ ఉన్న జిల్లాలో రైళ్ల టైంటేబులు తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. కష్టం టీచరు దగ్గర వస్తుంది. పిల్లలు ఎటు అడిగితే అటు ఇంగ్లీషులో జవాబివ్వగల టీచరు లేకపోతే ఈ పద్ధతి మూడో రోజే గైడు పుస్తకం వైపు తిరుగుతుంది. స్పోకెన్ ఇంగ్లీషు తరగతులు ఈ వాదానికి దూరపు చుట్టాలు. పలకరింపులు, ఇంటర్వ్యూ జవాబులు బాగానే వస్తాయి గానీ, సైన్సు పాఠంలోని మాటలు వాటిలో తగలవు.

ఇంటిభాష పునాది

కెనడా పండితుడు జిమ్ కమ్మిన్స్ 1979లో రెండు విషయాలు విడదీసి చూపాడు. పలకరించుకునే భాష రెండేళ్లలో రావచ్చు. పాఠాలు ఆలోచించే భాషకు అంతకు రెండింతలో మూడింతలో పడుతుంది. ఆ రెండోది ఒక భాషలో గట్టిపడితే ఇంకో భాషకు బదిలీ అవుతుంది. ‘ఆవిరి కావడం’ ఏమిటో తెలుగులో తెలిసిన పిల్లకు ఇవాపరేషన్ ఒక కొత్త పేరు మాత్రమే. తెలియని పిల్ల పేరూ విషయమూ రెండూ ఒకేసారి నేర్వాలి. ద్విభాషా పుస్తకాలకు సిద్ధాంత బలం ఇక్కడే ఉంది.

ఈ వాదానికి అనంతపురంలో ఒక మెలిక ఉంది, దాన్ని కింద చూద్దాం. పేద తల్లిదండ్రుల నుంచి వచ్చే ప్రశ్న కూడా తోసిపుచ్చదగింది కాదు: బలిసినవాళ్ల పిల్లలు కాన్వెంటుకు పోతుంటే మా పిల్లలకే మాతృభాష పాఠమా? మీడియం ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదేనని కర్ణాటక కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఈ ఆరాటానికి దగ్గరగానే.

నాలుగూ పక్కపక్కన పెడితే

• జాబితా వాదం: బలం, తక్కువ సమయంలో ఎక్కువ మాటలతో తొలి పరిచయం. బలహీనత, మాట ఒంటరిగా ఉండి వాడుకలోకి రాదు. కావలసింది, తిరగేసే క్రమం, ఎంపిక.

• పుస్తకాల వాదం: బలం, మాట చుట్టాలతో సహా లోతుగా వస్తుంది. బలహీనత, నిదానం, వెనకబడినవాళ్లు ఇంకా వెనకబడే ప్రమాదం. కావలసింది, స్థాయికి తగ్గ పుస్తకాలు, చదివే గంట.

• పనుల వాదం: బలం, నోరు తెరిపిస్తుంది. బలహీనత, టీచరు మీదే పూర్తి భారం. కావలసింది, ఇంగ్లీషు మాట్లాడే టీచరు.

• ఇంటిభాష వాదం: బలం, విషయం అర్థమయ్యాకే మాట వస్తుంది. బలహీనత, ఇంగ్లీషు దానంతటదే వస్తుందని వదిలేస్తే రాదు. కావలసింది, రెండు భాషలనూ కలిపి నడిపే పాఠం.

ఈ నేల పెట్టే షరతులు

ఏటా 550 మిల్లీమీటర్ల వాన కూడా అనుమానమే అయిన జిల్లా ఇది. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన ఇక్కడేనని పేరు. పదసంపదకూ వానకూ సంబంధమేమిటని అడగవచ్చు. మాట నిలవాలంటే మళ్లీమళ్లీ ఎదురుపడాలని పై వాదాలన్నీ ఒప్పుకుంటాయి. వేరుశనగ ఎండిపోయి తల్లిదండ్రులు బెంగళూరుకో కేరళకో వలసపోతే, వెంట వెళ్లిన పిల్లలకు ఆ వరస తెగుతుంది. లెక్కల్లో ఒక పాఠం పోతే పోయిన పాఠం ఏదో తెలుస్తుంది. మాటలు పోతే ఏవి పోయాయో టీచరుకు కూడా తెలియదు. వలస పిల్లల కోసం నడిచే సీజనల్ హాస్టళ్లను సాధారణంగా హాజరు కోణంలో చూస్తారు. పదసంపద కోణంలో వాటి విలువ ఇంకా ఎక్కువ.

కరువుకు ఇంకో ముఖం తిండి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి 3,000 మంది పిల్లల జీవితాలను వెంబడించింది. ఎంచుకున్న జిల్లాల్లో అనంతపురం ఒకటి. నాలుగు బొమ్మలు చూపి, ఒక మాట పలికి, ఏ బొమ్మో వేలు పెట్టమనే పద పరీక్ష అందులో భాగం. చిన్నప్పుడు తిండి చాలక ఎదుగుదల కుంటుపడిన పిల్లలు ఇంటిభాషలో పెట్టిన ఆ పరీక్షలోనే వెనకబడ్డారు. ఇంగ్లీషు మాటల లోటు ఇంగ్లీషు పీరియడ్‌లోనే మొదలైందనుకోవడానికి వీల్లేదు. ఇదే అధ్యయనంలో, ఎనిమిదేళ్ల వయసుకు ప్రైవేటు బడిలో ఉన్నవాళ్లు పెద్ద పిల్లల మొదటి జట్టులో పావువంతుకు లోపు. ఏడేళ్లు చిన్నదైన రెండో జట్టులో 40 శాతం దాటారు. ఇంగ్లీషు కోసం ఊళ్లు ఎంత ఆబగా కదిలాయో ఈ ఒక్క అంకె చెబుతుంది.

ఆ కదలిక ఫలించిందా? 2008 నుంచి 2012 దాకా పొరుగున కడపతో సహా ఐదు జిల్లాల్లోని 180 ఊళ్లలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టి పంపారు. నాలుగేళ్లకు తెలుగు, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. ఏ ఇంగ్లీషు కోసం తల్లిదండ్రులు ఆస్తులు అమ్ముకుంటున్నారో అందులో వచ్చిన లాభం చెప్పుకోదగ్గంత లేదు. అయితే అదే చదువు ప్రైవేటు బడి చాలా తక్కువ ఖర్చుతో ఇచ్చింది గనుక రెండు వర్గాలూ ఈ అధ్యయనాన్ని తమవైపు లాక్కుంటాయి.

ఇక పైన చెప్పిన మెలిక. ఇంటిభాష పునాది అనగానే మనం తెలుగు అని అనేసుకుంటాం. మడకశిర, అగళి, రొళ్ల, డి.హీరేహాళ్ వైపు చాలా ఇళ్లలో కన్నడం. కన్నడ మీడియం బడులూ ఉన్నాయి. కదిరి, హిందూపురం, గుంతకల్లులో ఎన్నో ఇళ్లలో ఉర్దూ. సుగాలి తాండాల్లో గోర్‌బోలీ. ఈ పిల్లల్లో చాలామందికి తెలుగు పేజీ కూడా రెండో భాషే. ఎదుటి పేజీలో తెలుగు ఉన్నంత మాత్రాన వాళ్లకు అర్థం తేలికవుతుందని లెక్క వేయడం కుదరదు. క్యాంబెల్ లెక్కలో కన్నడ బడులు తెలుగు బడుల కంటే ఎక్కువగా కనబడిన సీమ ఇది.

ఇంట్లోకి వచ్చిన మాటలు, రాని మాటలు

ఈ మెట్టసీమ పిల్లలకు ఇంగ్లీషు మాటలు రావనడం సగమే నిజం. బోరు, కేసింగు, మోటారు, స్టార్టరు, ఫ్యూజు, ట్రాన్స్‌ఫార్మరు, డ్రిప్పు, గేటువాల్వు, ట్యాంకరు, లోను, సబ్సిడీ, ఇన్సూరెన్సు, డీలరు: నీళ్ల కోసం, అప్పుల కోసం తిరిగిన ప్రతి ఇంట్లోనూ ఇవి రోజూ వినబడతాయి. అరువు మాటలు పరాయి భాషకు సిద్ధంగా ఉన్న మెట్టు అని జపాన్ పిల్లల మీద పనిచేసిన ఫ్రాంక్ డాల్టన్ వాదించాడు. మన బడులు ఈ మెట్టును దాదాపు వాడుకోవు. స్పెల్లింగు చూపి, ఉచ్చారణ సరిచేసి, ఇది నీకు తెలిసిన మాటే అని చెప్పే పాఠం పుస్తకంలో లేదు. జాగ్రత్త కూడా అవసరమే: కరెంటు, బోరు లాంటి మాటలకు ఇంగ్లీషులో ఉన్న మిగతా అర్థాలు ఇంటి నుంచి రావు.

కానీ ఆ జాబితాను మళ్లీ ఒకసారి చూడండి. అన్నీ వస్తువుల పేర్లు, వ్యవహారాల పేర్లు. ఇప్పుడు సాంఘికశాస్త్రంలో ఎదురయ్యే ఇలాంటి వాక్యం తీసుకుందాం: ‘రెయిన్‌ఫాల్ వేరీస్ ఎవ్రీ ఇయర్, దేర్‌ఫోర్ గ్రౌండ్‌నట్ ఈల్డ్ డిపెండ్స్ ఆన్ ఇరిగేషన్, అన్‌లెస్ ద మాన్‌సూన్ ఈజ్ నార్మల్.’ రెయిన్, గ్రౌండ్‌నట్, ఇయర్ అనంతపురం పిల్లకు తెలుసు. మాన్‌సూన్, ఇరిగేషన్ టీచరు బొమ్మ గీసి చెబుతారు. వాక్యం ఆగిపోయేది వేరీస్, దేర్‌ఫోర్, డిపెండ్స్, అన్‌లెస్ దగ్గర. వీటికి బొమ్మ లేదు, బొమ్మల నిఘంటువులో చోటు లేదు, గ్లాసరీలో చేర్చేంత కష్టమైనవని ఎవరూ అనుకోరు, స్పోకెన్ ఇంగ్లీషులో అంతగా పడవు. పోల్చడానికి, కారణం చెప్పడానికి, షరతు పెట్టడానికి వాడే మాటలివి. ఏ అంగడిలోనూ దొరకవు. బడి, పుస్తకం ఈ రెండే వాటికి దారి.

ఈ గీతను పరిశోధకులూ గుర్తించారు. ఇసబెల్ బెక్ బృందం 2002లో మాటలను మూడు అంతస్తులుగా విడదీసింది: రోజువారీ మాటలు, చదువులో అన్ని సబ్జెక్టుల్లోనూ తిరిగే మాటలు, ఒక్కో సబ్జెక్టుకే చెందిన పారిభాషికాలు. బడి శ్రమంతా మధ్య అంతస్తు మీద పెట్టాలన్నది వాళ్ల సలహా. అవ్రిల్ కాక్స్‌హెడ్ 2000లో 570 పద కుటుంబాల జాబితా తీసింది. కాలేజీ చదువుల రాతల్లో సుమారు పదో వంతు అవే. మన ప్రభుత్వాల పథకాలు మొదటి అంతస్తుకు బొమ్మలు, మూడో అంతస్తుకు గ్లాసరీ ఇచ్చాయి. మధ్య అంతస్తు ఎవరికీ అప్పగించని పొలంలా బీడు పడి ఉంది.

ఒప్పుకున్నవి, తేలనివి

వాదాలు నాలుగైనా కొన్ని విషయాల్లో ఇప్పుడు పెద్ద తగాదా లేదు. ఒక పద్ధతే చాలదు. సూటిగా నేర్పడం, చదవడం, వాడడం మూడూ కలవాలి. ఇంటిభాష అర్థాన్ని వాడుకోవడం నేరం కాదు. తిరగేయని మాట నిలవదు. ఎంత ఎక్కువగా వాడుకలో ఉన్న మాటో అంత ముందు నేర్పాలి.

తేలనివి వేరే ఉన్నాయి.

మొదటిది మీడియం. ఇంటిభాషలో గట్టిపడ్డాకే మారాలా, మొదటి నుంచే ఇంగ్లీషు వినిపించాలా అన్నది టీచరు స్థాయి, పుస్తకాలు, ఇంటి స్థితి తెలియకుండా తేల్చలేని ప్రశ్న. కమ్మిన్స్ సిద్ధాంతం నిలిచేది ఇంటిభాషలో పాఠం నిజంగా బాగా నడిచినప్పుడే. తెలుగు మీడియంలోనూ బట్టీయే నడిస్తే బదిలీ కావడానికి అక్కడ ఏమీ ఉండదు.

రెండోది టీచర్లు. నిఘంటువు, యాప్, ట్యాబు ఏవైనా టీచరు లోటును ఎంతవరకు పూడుస్తాయన్నది తేలలేదు. పథకాలన్నీ పిల్లల సంచిలో ఏముందో చూశాయి. టీచరు సొంత పదసంపదను పెంచే ఏర్పాటు వాటి పక్కన చాలా చిన్నది.

మూడోది పరీక్ష. సమానార్థకం, వ్యతిరేకార్థకం, తప్పు స్పెల్లింగు, సరైన రూపం లాంటి ప్రశ్నలు పదో తరగతి ఇంగ్లీషు పేపర్లో మాటను ఒంటరిగా పరీక్షిస్తాయి. వాక్యంలో మాట చేసే పనిని అడిగే ప్రశ్న తక్కువ. టోఫెల్ ఆ లోటు తీర్చేదా, మరో కోచింగుగా మారేదా అన్నది తేలకముందే పోయింది.

నాలుగోది బడి బయటి చేయి. 1969 నుంచి ఇక్కడ పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెల్లో సాయంత్రపు అనుబంధ బడులు నడిపింది. అనంతపురంలో పల్లె పట్టభద్రులకు ఇంగ్లీషుతో పాటు స్పానిష్, జర్మన్, ఫ్రెంచి నేర్పే భాషాపాఠశాల పెట్టింది. ఊరి పిల్లలు పెద్దయ్యాక కూడా కొత్త భాషల్లో నిలదొక్కుకోగలరని అది చూపింది. అయితే డిగ్రీ అయ్యాక, పూర్తి సమయం, ఎంపిక చేసిన కొద్దిమందికి సాధ్యమైనది, వేల బడుల్లో రోజుకు ఒక పీరియడ్‌లో సాధ్యమా? ఈ రెండు కొలతలూ ఒకటి కావు.

ఏది ముందు?

ఈ వాదాలన్నిటినీ జల్లెడ పట్టాక ఒక క్రమం మిగులుతుంది. మీడియం తగాదా తేలేదాకా ఆగనక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి, వాటికి ఖర్చూ తక్కువే. రోజుకో మాట జాబితాలో వస్తువుల పేర్లు తగ్గించి కారణం, పోలిక, షరతు చెప్పే మాటలు ముందుకు తేవడం ఒకటి. ఆ మాట ఆ వారం ఇంగ్లీషు పీరియడ్‌తో ఆగకుండా సైన్సు, సాంఘికం టీచర్ల నోటా వినబడేలా చూడడం రెండోది. వారానికి, నెలకు, మూడు నెలలకు తిరగేయడం మూడోది. వలసపోయి వచ్చిన పిల్లలు తప్పిపోయిన మాటలను మళ్లీ పట్టుకునే అవకాశం కూడా అందులోనే ఉంది. ఇంట్లో కన్నడం, ఉర్దూ, గోర్‌బోలీ ఉన్న పిల్లలు ఆ మాట అర్థాన్ని తమ నోట్సులో తమ భాషలో రాసుకోనివ్వడం నాలుగోది.

పుస్తకాల పని దీర్ఘకాలికం, ఖరీదైనది. 2,000 మాటలలోపే రాసిన, ఇక్కడి బతుకు కనబడే ఇంగ్లీషు కథల పుస్తకాలు వందల్లో కావాలి. అవి లేకుండా నిఘంటువు ఇవ్వడమంటే, చదవడానికి ఏమీ లేని పిల్లకు అర్థాల పుస్తకం ఇవ్వడమే.

ఇవన్నీ జరిగాయా లేదా అని తేల్చడానికి పెద్ద సర్వే అక్కర్లేదు. తొమ్మిదో తరగతి పిల్ల ముందు ఎన్నడూ చూడని ఒక ఇంగ్లీషు పేరా పెట్టి, అందులో దేర్‌ఫోర్‌కు ముందున్న వాక్యం వెనకదానికి ఎలా కారణమైందో తనకు వచ్చిన భాషలో చెప్పమంటే చాలు. చెప్పగలిగితే ఆమె చదివింది ఏ మీడియం అన్న ప్రశ్నకు బరువు తగ్గుతుంది. చెప్పలేకపోతే, సంచిలో ఏ నిఘంటువు ఉన్నా, బోర్డు మీద ఏ మీడియం రాసి ఉన్నా, 1823లో క్యాంబెల్ చేసిన ఫిర్యాదు ఇంకా పరిష్కారం కాలేదని లెక్క.